నీరు బిగించిన కీళ్లు

ఒంగోలు నుంచి పొదిలి వైపు బయలుదేరిన మా వాహనం చీమకుర్తి చేరేసరికి దారికి ఇరువైపులా నల్ల గ్రానైటు దిమ్మెల గుట్టలు కనిపించసాగాయి. దేశదేశాల భవనాలను అలంకరించే రాయి అది. పొదిలిలో కాసేపు ఆగి, టీ తాగి, దక్షిణంగా కనిగిరి దారి పట్టాము. జనవరి మాసం. కంది చేలు కోతకు వచ్చి ఉన్నాయి. అక్కడక్కడ పొగాకు బ్యారన్ల నుంచి సన్నని పొగ, దానితోపాటు ఆకు కాగుతున్న ఘాటైన వాసన. దూరాన పడమటి దిక్కున వెలిగొండల నీలి వరుస. చూసేవారికి ప్రశాంతమైన ప్రాంతం. అయితే ఈ ప్రాంతానికి ఒక పాత దుఃఖం ఉంది. అది నేల మీద కనిపించదు. నేల కింది నీటిలో ఉంది.

మేము ఐదుగురం. నా చెల్లెలి కుమారుడు, అతని భార్య, వారితో కలిసి చదువుకున్న మరో దంపతులు. నలుగురూ ఫిజియోథెరపిస్టులు. ఐదవవాణ్ని నేను. ముప్పై ఏళ్లుగా మదరసాలో పిల్లలకు ఖుర్ఆన్ పాఠాలు చెప్పడం తప్ప వైద్యం ఎరుగనివాణ్ని. కనిగిరి సమీప గ్రామంలో కొందరు సజ్జనులు నడిపే చిన్న ఉచిత వైద్యశాల ఉంది. అక్కడ రెండు రోజులు స్వచ్ఛందంగా సేవ చేయడానికి వారు వెళుతూ నన్ను కూడా రమ్మన్నారు.

"నేను వచ్చి ఏం చేయాలి బేటా?" అని అడిగాను.

"పేర్లు రాయండి మామూ. ఉర్దూలో మాట్లాడేవారితో ఉర్దూలో, తెలుగులో మాట్లాడేవారితో తెలుగులో మాట్లాడండి. ఇంకో మాట. పెద్దవాళ్లు మేము చెబితే వినరు. మీ గడ్డానికి ఉన్న గౌరవం మా డిగ్రీకి లేదు" అన్నాడు మేనల్లుడు.

నవ్వుకున్నాను. ఆ మాటలో ఎంత నిజముందో మరునాడు తెలిసింది.

నీటి కథ

ఈ ప్రాంతపు బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్ అధికం. జనం వాడుకలో అవి 'ఫ్లోరిన్ నీళ్లు'. రాతి పొరలలోని ఖనిజాల నుంచి అది నీటిలో కరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నోట పోసుకున్న మనిషికి తాను ఏం తాగుతున్నాడో తెలియదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే, పళ్లు రూపుదిద్దుకునే వయసులో ఉన్న పిల్లల పళ్లకు గోధుమరంగు గారలు పడతాయి. పెద్దలలో అది ఎముకలలో పేరుకుంటుంది. ఎముకను ఎముకతో కట్టి ఉంచే మెత్తని బంధనాలు క్రమంగా గట్టిపడతాయి. మెడ తిరగదు, నడుము వంగితే లేవదు, మోకాలు ముడిస్తే చాచుకోదు. నీళ్లను కాచితే ఈ దోషం పోతుందని చాలామంది నమ్మకం. కాచిన కొద్దీ నీరు ఆవిరై తగ్గుతుంది, ఫ్లోరైడ్ మాత్రం మిగిలిన నీటిలోనే ఉండిపోతుంది.

మన దేశంలో ఈ వ్యాధి సంగతి మొదట వైద్యలోకానికి తెలిసింది ఈ నేల నుంచే. 1937లో వైద్య పరిశోధకులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో దీనిని గుర్తించి ప్రకటించారు. మనుషుల కంటే ముందు దుక్కిటెద్దుల కీళ్లు బిగుసుకుపోవడాన్ని రైతులు గమనించారని చెబుతారు. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. జిల్లా మారింది, పేరు మారింది. వ్యాధి లోకానికి తెలిసి ఎనభై ఏళ్లు దాటింది. నేడు చాలా ఇళ్లలో క్యాన్ల నీళ్లు కొని తాగుతున్నారు. తాగడానికి కొన్నా వంటకు బోరు నీళ్లే వాడేవారు ఇంకా ఉన్నారు. ఇక వృద్ధుల సంగతి వేరు. వారు బాల్యం నుంచి తాగిన నీరు ఇప్పుడు వారి ఎముకలలో ఉంది.

మొదటి రోజు

వైద్యశాల అంటే రెండు గదులు, ముందు ఒక రేకుల వసారా. పట్టణం నుంచి డాక్టరు గారు వారానికి రెండు రోజులు వస్తారు. మిగతా రోజులలో ఒక నర్సు, ఒక ఆయమ్మ చూసుకుంటారు. ఒక గదిలో పురుషులకు, తెర కట్టిన రెండవ గదిలో స్త్రీలకు చికిత్స ఏర్పాటు చేశాము. వసారాలో బల్ల వేసుకుని నేను పేర్లు రాయడానికి కూర్చున్నాను.

పొద్దున తొమ్మిది గంటలకే జనం వచ్చారు. ఫ్లోరిన్ బాధితులు మాత్రమే కాదు. పొగాకు మండెలు మోసి నడుము పట్టినవారు, మిరప కోతలలో రోజంతా వంగి మెడ నొప్పి తెచ్చుకున్న స్త్రీలు, షుగరు వ్యాధితో భుజం పైకి లేవనివారు, పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయినవారు. హైదరాబాదు, బెంగళూరులకు కట్టడం పనులకు వెళ్లి, ఎత్తు నుంచి జారిపడి, కాలు విరిగి తిరిగి వచ్చిన యువకులు కూడా ఉన్నారు. సాయంత్రానికి నా పుస్తకంలో అరవై మూడు పేర్లు చేరాయి.

వారిలో ఒక పెద్దాయన నాకు బాగా గుర్తున్నారు. వయసు డెబ్బై దాటి ఉంటుంది. నడుము దగ్గర మనిషి సగానికి వంగిపోయారు. నడిచేటప్పుడు చూపంతా తన పాదాల ముందరి జానెడు నేల మీదే. ఎదుటివారి ముఖం చూడాలంటే ఒక పక్కకు ఒరిగి, కన్ను పైకెత్తి చూడాలి.

"బాబూ, నా నడుము తిన్నగయిద్దా?" అని అడిగారు.

మేనల్లుడు కొద్దిసేపు మౌనంగా ఉన్నాడు. "అబద్ధం చెప్పను తాతా. తిన్నగా కాదు" అన్నాడు.

నాకు మనసు చివుక్కుమంది. ఆయన మాత్రం నవ్వారు. "ఇరవై ఏళ్ల నుంచి అందరూ అయిద్దనే చెప్పారు. కాదన్నోడివి నువ్వొక్కడివే. చెప్పు, ఏం చేయమంటావు?"

"రోజు మొత్తంలో నీకు అన్నిటికన్నా కష్టమైన పని ఏది?"

"తెల్లారుజామున మంచం మీంచి లేవటం. ముసల్దాన్ని లేపాలి. దానికి మోకాళ్ల నొప్పులు. అది లేచి నన్ను లేపేసరికి ఇద్దరి ప్రాణం మీదికొస్తది."

ఆ తరువాత ఇరవై నిమిషాలు నడుము ప్రస్తావనే రాలేదు. సంగతంతా మంచం గురించే. నులక వదులై గుంటగా ఉన్న మంచంలో నుంచి లేవడం ఆరోగ్యవంతునికి కూడా కష్టమని, ముందు నులక బిగించమని చెప్పాడు. కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తు పెంచమన్నాడు. వెల్లకిల పడుకుని ఒక్కసారిగా లేవాలని చూడకుండా, ముందు పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, మోచేతితో నెట్టుకుంటూ లేవడం అక్కడే బల్ల మీద నేర్పాడు. మూడు సార్లు ఆయన చేతనే చేయించాడు. "బిగిసిపోయిన కీలును వ్యాయామం విప్పలేదు తాతా. ఇంకా బిగియనివాటిని మాత్రం కాపాడుతుంది. ఎవరైనా లాగి సరిచేస్తామంటే నడుమును వాళ్ల చేతికి ఇవ్వొద్దు. ఫ్లోరిన్ పట్టిన ఎముక చూడడానికి గట్టిగా ఉన్నా పెళుసుగా ఉంటుంది" అని హెచ్చరించి పంపాడు.

మధ్యాహ్నం ఒక సాయిబు గారు నాతో మెల్లగా ఒక మాట చెప్పుకున్నారు. మోకాళ్లు ముడవక, సజ్దా చేయలేక, ఆయన ఏడాదిగా మస్జిదుకు వెళ్లడమే మానేశారట. కుర్చీలో కూర్చుని నమాజు చేస్తే నలుగురూ ఏమనుకుంటారోనని సంకోచం. నిలబడగలిగినవారు నిలబడి, నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చని ధర్మం ఇచ్చిన సౌలభ్యాన్ని వివరించాను. దైవం ఎవరి మీదా శక్తికి మించిన భారం మోపడని గుర్తు చేశాను. ఇది విన్న మేనల్లుడు, "మామూ, మా చదువులో కూడా ఇదే వరుస ఉంది. అయితే మాది కింది నుంచి పైకి. పడుకున్న మనిషిని కూర్చోబెట్టాలి, కూర్చున్న మనిషిని నిలబెట్టాలి, నిలబడిన మనిషిని నడిపించాలి" అన్నాడు. ఆ సాయిబు గారికి కాలు చాచి కూర్చుని, మోకాలి కింద తువాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ కండరాన్ని బలపరచుకునే పద్ధతి నేర్పాడు. ఆయన చేతికర్రను కూడా మార్పించాడు. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలట. ఆయన ఇన్నాళ్లూ నొప్పి ఉన్న వైపే పట్టుకుని నడిచారు. నేను కూడా అదే సరైనదని అనుకునేవాణ్ని.

తెర వెనుక నుంచి వినిపించిన మాట

అస్ర్ నమాజు వేళ దగ్గర పడుతుండగా ఒక నూర్‌బాషా కుటుంబం వచ్చింది. అరవై ఏళ్ల అత్తగారు, ముప్పై లోపు కోడలు. అత్తగారికి ఆరు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. ఇద్దరూ తెర లోపలికి వెళ్లారు. నేను బయట పేర్లు రాసుకుంటున్నాను. లోపలి నుంచి మేనల్లుడి భార్య గొంతు గట్టిగా వినిపించింది.

"అమ్మా, ఆ చెయ్యి పట్టి లాగొద్దు! పడిపోయిన చెయ్యి పట్టి ఎప్పుడూ మనిషిని లేపకూడదు. గూటిని పట్టి ఉంచే కండరాలకు సత్తువ లేదు. లాగితే భుజం గూడు జారుతుంది. ఆమె రాత్రుళ్లు భుజం నొప్పని ఏడ్చేది ఇందుకే."

నా చేతిలో కలం ఆగిపోయింది.

మా అమ్మీకి కూడా పక్షవాతం వచ్చింది. ఆమె కూడా కుడి పక్కే పడిపోయింది. రెండేళ్లు మంచం మీద ఉండి అల్లాహ్ సన్నిధికి చేరుకుంది. ఆ రెండేళ్లు నేను, మా తమ్ముడు ఒకరి తరువాత ఒకరం ఆమెకు సేవ చేశాము. ప్రతిరోజూ ఫజ్ర్‌కు ముందు ఆమెను లేపి కూర్చోబెట్టేవాళ్లం. ఒకరు ఎడమ చేయి, ఒకరు కుడి చేయి పట్టుకుని లేపేవాళ్లం. ప్రతిసారీ ఆమె "హాయ్ అల్లాహ్" అని మూలిగేది. అది జబ్బు బాధ అనుకున్నాము. ఓర్చుకో అమ్మీ, ఈ బాధకు ప్రతిఫలం ఉందని చెప్పేవాణ్ని. ఆ బాధలో కొంత భాగం మా చేతుల నుంచే ఆమెకు చేరుతున్నదని ఇన్నేళ్ల తరువాత, ఒక పల్లెటూరి వైద్యశాల వసారాలో, తెర వెనుక నుంచి నాకు తెలిసింది.

ఆ కోడలికి లోపల సరైన పద్ధతి నేర్పారు. మనిషిని పక్కకు ఒత్తిగిలించి, కాళ్లు మంచం కిందికి దించి, భుజం వెనుక ఒక చేయి, తొంటి దగ్గర ఒక చేయి వేసి లేపాలి. ఇంతే. దీనికి యంత్రం అక్కరలేదు, మందు అక్కరలేదు. ఆనాడు చెప్పేవారు ఉంటే మేము కూడా నేర్చుకునేవాళ్లమే.

ఎడమ చేయి

మరునాడు ఉదయం వైద్యశాల తెరిచే ముందు ఆ ఇంటికి వెళ్లాము. ఇంట్లో ఎలా మసలుతున్నారో చూడాలని మేనల్లుడి భార్య కోరింది. నేను ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు గుమిగూడారు. లోపల కోడలు అత్తగారికి అన్నం కలిపి ముద్దలు పెడుతున్నది. డాక్టరమ్మ పళ్లెం అత్తగారి ముందు పెట్టి ఎడమ చేతితో తినమన్నది.

అత్తగారు ససేమిరా అన్నారు. "ఎడమచేత్తో అన్నం తినమంటారా? ఎంత తప్పు! ఆ మాట మీరెట్లా అంటారమ్మా?"

కోడలు కూడా కన్నీళ్లు పెట్టుకుంది. "డాక్టరమ్మా, ఊళ్లో నన్నేమంటారు? అత్తకి ముద్ద పెట్టటానికి కూడా దానికి చేతులు రాలేదంటారు."

బయట నిలబడిన స్త్రీలు తలలూపారు. వారు అనబోయేది అదేనన్నమాట. చదువుకున్న ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తోచలేదు. వ్యాయామం గురించి, మెదడు గురించి ఏది చెప్పినా ఆ ఇంట్లో ఆ క్షణాన చెల్లేది కాదు. ఆమె గడప దగ్గరికి వచ్చి, "మామూ, ఇది మీరు చెప్పవలసిన మాట" అన్నది.

అరుగు మీద నుంచే, అందరికీ వినపడేలా చెప్పాను. కుడి చేతితో తినడం మనకు నేర్పిన మర్యాద. అది కుడి చేయి పనిచేసే వారికి. జబ్బు వల్ల ఆ చేయి లేవనివారు ఎడమ చేతితో తింటే దోషం లేదు. ధర్మంలో అటువంటి స్థితిని ఉజ్ర్ అంటారు. ఉజ్ర్ ఉన్నవారిపై నింద లేదు. ఇక రెండవ మాట. ఆమెను తననుతాను తిననివ్వడం కోడలి నిర్లక్ష్యం కాదు. ముద్ద పెట్టడం సులభమైన పని. పక్కన కూర్చుని, మెతుకులు ఒలికినా కోప్పడక, అరగంట ఎదురుచూడడం కష్టమైన పని. ఈ బిడ్డ కష్టమైన సేవ చేయబోతున్నది. ఎవరైనా ఆమెను ఒక మాట అంటే ఆ పాపం అన్నవారిదే.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక ముసలమ్మ, "సాయిబు గారే చెప్పాక ఇంకేముందే, తిననీ" అన్నది. లోపల గిన్నె చప్పుడు వినిపించింది.

ఆ ఇంటి నుంచి నడిచి వస్తున్నంతసేపు నాకు ఒకటే ఆలోచన. ముప్పై ఏళ్లుగా వందలాది పిల్లలకు కుడి చేతితో తినమని నేర్పాను. అది నా బాధ్యత. కానీ ఆ నియమంలోని రెండవ సగాన్ని, అశక్తులకు ఉన్న సడలింపును ఎంతమందికి నేర్పాను? మా అమ్మీ రెండేళ్లు ఒక్క ముద్ద కూడా తన చేతితో తినలేదు. ఆమె ఎడమ చేయి చక్కగా పనిచేసేది. ఇంట్లో ఆలిమ్ చదివిన కొడుకునే ఉన్నాను. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. మా ప్రేమ ఆమెకు అన్నం పెట్టింది కానీ, ఆమెకు మిగిలి ఉన్న చేతిని పనికి రానీయలేదు.

రెండు రోజుల సేవకు విలువ ఎంత?

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణానికి ముందు అందరం వసారాలో కూర్చున్నాము. నలుగురి ముఖాలలోనూ అలసట. "రెండు రోజులు వచ్చి, చేతులు వేసి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోతాం. మూడో రోజు వీళ్లకు ఎవరున్నారు?" అని మేనల్లుడి మిత్రుడు అడిగాడు. ఎవరి దగ్గరా సమాధానం లేదు.

అప్పుడు మేనల్లుడి భార్య వాలరీ టేలర్ కథ చెప్పింది. ఆమె ఆంగ్ల దేశపు ఫిజియోథెరపిస్టు. 1969లో ఒక స్వచ్ఛంద సేవా పథకం కింద అప్పటి తూర్పు పాకిస్తాన్‌కు, చిట్టగాంగ్ సమీపంలోని చంద్రఘోనా క్రైస్తవ ఆసుపత్రికి వచ్చింది. కొద్దికాలం పనిచేసి వెళ్లాలన్నది నాటి ఏర్పాటు. అక్కడ వెన్నెముక దెబ్బతిని కాళ్లు చచ్చుబడినవారిని చూసింది. వారికి ప్రత్యేకమైన ఆసరా ఆ దేశంలో లేదని గ్రహించింది. యుద్ధం ముగిసి బంగ్లాదేశ్ ఏర్పడిన తరువాత కూడా ఆ పని వదలలేదు. 1979లో ఢాకాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలో, వాడకుండా వదిలేసిన గిడ్డంగి గదులలో కొద్దిమంది రోగులతో ఒక కేంద్రం ప్రారంభించింది. 1990లో అది ఢాకా సమీపంలోని సావర్‌కు మారి పెద్ద సంస్థగా ఎదిగింది. అక్కడ రోగులకు చికిత్సతోపాటు చేతిపనులు నేర్పుతారు. స్థానిక యువతీయువకులను ఫిజియోథెరపిస్టులుగా తీర్చిదిద్దుతారు. బంగ్లాదేశ్ ప్రభుత్వం ఆమెకు తమ దేశ పౌరసత్వం ఇచ్చి గౌరవించింది.

పరాయి దేశం నుంచి, పరాయి మతం నుంచి వచ్చిన స్త్రీ ముస్లింలు అధికంగా ఉన్న దేశంలో చేసిన సేవ ఇది. మంచిని ఎవరు చేసినా మంచి అని ఒప్పుకోవడం విశ్వాసి లక్షణం. "మనం అందరం ఆమెలాగా ఉండిపోలేం. మన పిల్లలు, ఉద్యోగాలు మనకు ఉన్నాయి. కానీ ఆమె చేసిన ఒక పని మనం కూడా చేయవచ్చు. తిరిగి రావచ్చు" అన్నది ఆ అమ్మాయి.

రెండవ ప్రయాణం

రమజాన్ గడిచాక ఏప్రిల్‌లో తిరిగి వెళ్లాము. కంది చేలు ఖాళీ. బ్యారన్లు చల్లబడ్డాయి. ఎండ నిప్పులు చెరుగుతున్నది. ఈసారి వైద్యశాలలో కూర్చోకుండా ముందు ఇళ్లకు వెళ్లాము. అక్కడ మా తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

జనవరిలో ముగ్గురికి వాకర్లు ఇచ్చాము. ఒకదాని మీద తడి బట్టలు ఆరుతున్నాయి. మరొకటి గోడకు ఆనించి ఉంది. కారణం సోమరితనం కాదు. వైద్యశాల నేల నున్నని టైల్సు. ఆ ఇళ్ల గడపలు జానెడు ఎత్తు. వీధిలో ఇసుక, రాళ్లు. వాకరు గడప దాటదు. మేము ఆ గడప చూడకుండానే వాకరు ఇచ్చాము. వ్యాయామాల బొమ్మలతో ముద్రించిన కాగితాలు పంచాము. అందులో సగం మందికి చదువు రాదు. సాగదీసే రబ్బరు పట్టీలు ఇచ్చాము. ఒక ఇంట్లో ఆ పట్టీ మేకల దొడ్డి తడికకు కట్టి ఉంది. అక్కడ అది చక్కగా ఉపయోగపడుతున్నది!

జనవరిలో చూసిన ఒక వృద్ధుడు ఇప్పుడు లేరు. కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్క మార్చకపోతే పడక పుండ్లు పడతాయని ఆయన భార్యకు చెప్పి వచ్చాము. కొడుకులు పనుల కోసం పట్టణానికి వెళ్లిపోయారు. ఆమె ఒక్కతే. భర్తను ఒత్తిగిలించే బలం ఆమెకు లేదు. "మీరు చెప్పిందంతా గుర్తుంది నాయనా. నా చేతనే కాలేదు" అన్నదామె. చెప్పడంతో మా పని ముగిసిందనుకున్నాము. ఆమె చేతనవుతుందా అని అడగలేదు. ఆమె ముందు మా నలుగురు వైద్యులు తల దించుకుని నిలబడ్డారు. నేను కూడా.

ఆ రెండు రోజులలో పదకొండు ఇళ్లు మాత్రమే తిరిగాము. సంఖ్య తగ్గింది, పని పెరిగింది. ప్రతి ఇంట్లో రోగితోపాటు, అతణ్ణి కనిపెట్టుకుని ఉండే మనిషిని కూడా కూర్చోబెట్టుకుని నేర్పారు. రబ్బరు పట్టీ బదులు పాత సైకిలు ట్యూబు ముక్క. బరువుకు ఇసుక నింపిన సీసా. కాగితం బదులు, ఏ నమాజు తరువాత ఏ కదలిక, ఎన్నిసార్లు అనే లెక్క. ఇతరుల ఇళ్లలో పొద్దున పళ్లు తోమాక ఒకసారి, రాత్రి దీపం పెట్టాక ఒకసారి. వైద్యశాల ఆయమ్మకు, పదో తరగతి ముగించిన ఇద్దరు ఊరి ఆడపిల్లలకు ముఖ్యమైన పద్ధతులు నేర్పారు. వారానికి ఒకసారి ఆ పదకొండు ఇళ్లు చుట్టి రావడం వారి బాధ్యత. ఒంటరి స్త్రీలు ఉన్న ఇళ్లకు రాత్రి వేళ పక్కింటి మగపిల్లలను పంపి రోగిని ఒత్తిగిలించే ఏర్పాటు ఊరి పెద్దలతో మాట్లాడి చేశాము.

ఇదంతా చూస్తుంటే నాకు మా మదరసా గుర్తుకు వచ్చింది. హిఫ్జ్ విద్యార్థికి ఆనాటి కొత్త పాఠం ఒక్కటే చెబితే సరిపోదు. పాత పాఠాన్ని ప్రతిరోజూ అప్పజెప్పించుకోవాలి. దాన్ని మేము దౌర్ అంటాము. దౌర్ లేని పాఠం నెలలో మరుపున పడుతుంది. పిల్లవాడికి బదులు ఉస్తాదు చదివి పెడితే పిల్లవాడికి చదువు రాదు. శరీరానికి కూడా అదే నియమమని నాకు ఈ ప్రయాణం నేర్పింది.

వంగిన నడుము పెద్దాయన ఇంటికి వెళ్లాము. మంచం కోళ్ల కింద ఎనిమిది ఇటుకలు అలాగే ఉన్నాయి. నులక బిగుతుగా ఉంది. "ఇప్పుడు నన్ను లేపట్లేదయ్యా. నాకే మెలకువొచ్చి, లేచాడో లేదోనని చూసుకుంటున్నా" అన్నది ఆయన ఇల్లాలు. ఆయన పక్కకు ఒరిగి, కన్నెత్తి మమ్మల్ని చూసి నవ్వారు. నడుము ఏమాత్రం నిటారు కాలేదు.

చివరగా నూర్‌బాషా వారి ఇల్లు. కోడలు ఇంట్లో లేదు. మిరప కోతలకు వెళ్లింది. అత్తగారి సేవ వల్ల ఆరు నెలలు పనికి వెళ్లలేకపోయిన ఆమె ఇప్పుడు మధ్యాహ్నం వరకు కూలికి వెళ్లగలుగుతున్నది. అత్తగారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. కుడి చేతి వేళ్లు ఇంకా విచ్చుకోలేదు. ఎడమ చేతితో ఆ వేళ్లను తెరుస్తూ మూస్తూ ఉన్నారు. నన్ను గొంతుతో గుర్తుపట్టి, "మౌలానా గారూ, నేనే తింటున్నా. కొంచెం ఒలుకుద్ది" అన్నారు. "ఒలకనీ అమ్మా" అన్నాను. అంతకు మించి నా నోట మాట రాలేదు.

ఇంటికి వచ్చాక

ఇప్పుడు మా మదరసాలో ప్రతి గురువారం పాఠాలు త్వరగా ముగిస్తాము. ఆ తరువాత చాప పరిచి, ఒక పిల్లవాణ్ని పడుకోబెడతాను. మరొకడు వచ్చి వాణ్ని పక్షవాతం వచ్చిన నానీ అనుకుని లేపాలి. మొదటి రోజు అందరూ చేయి పట్టి లాగారు, నవ్వుకున్నారు. ఇప్పుడు పదేళ్లవాడు కూడా భుజం వెనుక చేయి వేసి, కాళ్లు దించి, మెల్లగా లేపుతాడు. కుడి చేతితో తినాలనే పాఠం చెప్పినప్పుడల్లా, ఆ చేయి లేనివారి సంగతి కూడా అదే రోజు చెబుతున్నాను.

పాఠకులలో చాలామంది ఇళ్లలో మంచాన ఉన్న పెద్దలు ఉంటారు. వారికి ప్రేమ కొరవడలేదని నాకు తెలుసు. ఈ రోజు ఒక్క పని చేయండి. వారికి మీరు చేసి పెడుతున్న పనులలో, వారు తమంతట తాము చేసుకోగలిగినది ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే పక్కన కూర్చుని ఓపికగా చేసుకోనివ్వండి. మేము జూలైలో మళ్లీ కనిగిరి వెళుతున్నాము, ఇన్షా అల్లాహ్. ఈసారి వాకర్లు తీసుకువెళ్లడం లేదు. గడపల దగ్గర వాలుగా వేసే చెక్కపలకలు తయారు చేయిస్తున్నాము. కొలతలు ఆయమ్మ పంపింది.

మా సేవలోని లోపాలను అల్లాహ్ మన్నించుగాక! మన పెద్దలకు చేయవలసిన రీతిలో సేవ చేసే వివేకాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.